రిజర్వ్ చెయ్యని బల్ల

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం మేం ఎప్పుడూ వెళ్లే ఊరి పబ్బుకి వెళ్లాం. ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో డేల్స్ అని పిలిచే లోయల్లో, అన్నీ రాతి ఇళ్లే ఉన్న చిన్న ఊరు అది. ఎనిమిదేళ్లుగా నెలకి రెండు మూడు సార్లన్నా అక్కడికి వెళ్తున్నాం. తలుపు తియ్యగానే ఎడమ చేతి వైపు చిన్న గది ఒకటి ఉంటుంది. రాతి పలకల నేల, చలిమంట, గోడకి బిగించిన పొడుగాటి చెక్క బల్ల, దాని ముందు మరో రెండు చిన్న బల్లలు. దాన్ని ట్యాప్ రూమ్ అంటారు. కుడి వైపు తివాచీ పరిచిన పెద్ద గదిలో భోజనాలు. ఆ శనివారం ట్యాప్ రూమ్‌లో చలిమంట పక్కనున్న బల్ల మీద ఒక కార్డు నిలబెట్టి ఉంది. రిజర్వ్‌డ్, ఏడు గంటలకి, నలుగురు.

ఆ బల్ల దగ్గర రోజూ ఒక పెద్దాయన కూర్చుంటారు. గొర్రెలు అమ్మేసి చాలా ఏళ్లయింది, భార్య పోయారు, ముసలి కుక్క ఒకటి తోడు. సాయంత్రం ఐదున్నరకి వచ్చి, రెండు పైంట్ల బీరు (పైంటు అంటే అర లీటరుకి కాస్త పైన) తాగి, ఏడున్నరకి ఇంటికి నడిచి వెళ్తారు. ఆ రోజు ఆయన గ్లాసు పట్టుకుని కౌంటర్ పక్కన నిలబడి ఉన్నారు. కుక్క మాత్రం అలవాటు కొద్దీ వెళ్లి మంట ముందు పడుకుంది. ఏడింటికి నలుగురు వచ్చారు. కుక్కని చూసి ముచ్చటపడ్డారు, తల నిమిరారు, దాన్ని తొక్కకుండా కుర్చీలు జరుపుకున్నారు. కాసేపటికి పెద్దాయన వచ్చి దాని పట్టీ పట్టుకుని లేపారు. సగం గ్లాసు కౌంటర్ మీదే వదిలేసి వెళ్లిపోయారు.

ఎవరూ తప్పు చెయ్యలేదు. వచ్చిన నలుగురూ మర్యాదస్తులు. పబ్బు నడిపే ఆయనా మంచివారే. అయినా ఆ సగం గ్లాసు నా మనసులోంచి పోవడం లేదు. అప్పటి నుంచి నలుగుతున్న మాట ఇది: ఊరి పబ్బు ఎంత మంచి భోజనమైనా పెట్టనీ, ఏమీ తినకుండా కూర్చునే మనిషికి అందులో ఒక గది మిగలాలి. ఆ గది పోతే మిగిలేది మంచి హోటల్ కావచ్చు, పబ్బు మాత్రం కాదు.

అమ్మ అడిగిన ప్రశ్న

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరిదాకా వచ్చేనాటికి నాకు పదేళ్లు. సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా ప్యాకెట్లు అయిపోవడం, రాత్రిళ్లు పక్కింట్లోంచి వినపడే ఏడుపులు, ఇవి నేను చెవులారా విన్నవి, కళ్లారా చూసినవి. 1993లో సారా నిషేధం వచ్చినప్పుడు అమ్మ పాయసం వండి వీధంతా పంచింది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, తాగే చోటు గురించి తేలిగ్గా మాట్లాడలేను. ఇంగ్లండ్‌లోనూ తాగుడు కాపురాలు కూల్చింది, ఇంకా కూలుస్తోంది. అది తెలిసే ఇదంతా రాస్తున్నాను.

2019లో అమ్మ మా దగ్గర మూడు నెలలు ఉంది. ఒకరోజు ఐస్‌గార్త్ జలపాతం చూసి వస్తుంటే జోరుగా వాన పట్టుకుంది. తడిసి వణుకుతోంది, దగ్గర్లో తలుపులు తెరిచి ఉన్నది ఆ పబ్బొక్కటే. "ఆ కొంపలోకి నేను రాను" అంది ముందు. చలికి తట్టుకోలేక వచ్చింది. చలిమంట పక్కన కూర్చోబెట్టి టీ, వేడి వేడి చిప్స్ ఇప్పించాను. అరగంట సేపు ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. ఒక మూల ఒకావిడ ఊలు అల్లుకుంటోంది. ఇద్దరు పిల్లలు బల్ల కింద కుక్కతో ఆడుతున్నారు. ముగ్గురు ముసలాళ్లు డామినోలు వేస్తున్నారు. చివరికి అమ్మ నన్ను అడిగింది: "వీళ్లు ఇంటికి పొయ్యి పెళ్లాల్ని కొడతారా?"

కొట్టేవాళ్లు ఇక్కడా ఉంటారమ్మా అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అమ్మ తల ఊపింది. ఇంకాసేపు చూసి, "ఇక్కడ అందురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటా తాగతా ఉండారు. మన కాడ ఆ సారా కొట్టు దగ్గిర ఎవురు ఎవుర్ని చూసినారు గనక" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది. సూపర్‌మార్కెట్‌లో డజను డబ్బాలు చవగ్గా కొని, కర్టెన్లు వేసుకుని ఇంట్లో తాగే మనిషిని ఎవరూ చూడరు. ట్యాప్ రూమ్‌లో చూస్తారు. పెద్దాయన మూడో పైంటు అడిగితే "ఇవాళ ఏమైంది?" అని అడిగే మనుషులు అక్కడ ఉన్నారు. రెండు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి తలుపు కొట్టే మనుషులూ వాళ్లే. ఒకసారి ఆయన జ్వరంతో పడి ఉంటే అలాగే తెలిసింది.

పీపా ఆయుష్షు

మొదటిసారి పబ్బుకి వెళ్లినప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఎవరో వచ్చి ఆర్డర్ తీసుకుంటారని ఎదురు చూశాం. ఎవరూ రాలేదు. పక్క బల్ల నుంచి ఒకావిడ వంగి, కౌంటర్ దగ్గరికి మనమే వెళ్లాలని మెల్లగా చెప్పింది. వెళ్లాను. అక్కడ వరస ఉండదు, అయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. నా వంతు వచ్చినప్పుడు నాకన్నా ముందు నిలబడ్డాడనుకున్న అతనే "ఈవిడ ముందొచ్చింది" అన్నాడు. ఆ ఊళ్లో నాకు తెలిసిన ప్రతి మనిషీ ఆ కౌంటర్ ముందున్న రెండు గజాల జాగాలోనే పరిచయం అయ్యారు. భోజనం బల్ల దగ్గర ఒక్కరు కూడా కాలేదు. బల్ల దగ్గర మనతో వచ్చినవాళ్లతోనే మాట్లాడతాం కదా.

నేను అర పైంటు బిట్టర్ తాగుతాను. మా ఆయన తాగరు, కారు నడిపేది ఆయనే. బిట్టర్ చల్లగా గొంతు కోసే బీరు కాదు. పీపాలోనే రెండోసారి పులిసే ఏల్ అనే పాత తరహా బీరు, వడకట్టనిది, లోపల ఈస్ట్ ఇంకా బతికి ఉండేది. దాన్ని పదకొండు నుంచి పదమూడు డిగ్రీల చల్లదనంలో ఇస్తారు. ఫ్రిజ్‌లో పెట్టిన బీరుకి అలవాటు పడ్డవాళ్లకి మొదటి గుక్క వెచ్చగా తగులుతుంది. మూడో గుక్కకి మాల్ట్ అనే మొలకెత్తిన బార్లీ వాసన, చివర్లో హాప్స్ పువ్వుల చేదు తెలుస్తాయి. మన కాకరకాయ వేపుడు తిన్నాక నాలుక వెనక మిగిలే చేదు లాంటిది అది.

ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు పబ్బు నడిపే ఆయన నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్లారు. నిటారు మెట్లు, తడి రాతి వాసన. పీపాలు నిలబెట్టి లేవు, చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటి తొమ్మిది గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. పై వైపు రంధ్రంలో వేలెడంత చెక్క బిరడా. మెత్తటి చెక్కది పెడితే లోపలి గ్యాస్ మెల్లగా ఊపిరి వదిలినట్టు బయటికి పోతుంది. ఆ పోవడం తగ్గాక గట్టి చెక్క బిరడా మారుస్తారు. ఆయన ఆ మెత్తటి బిరడా మీద తుడిచి చూపించారు. అక్కడ మళ్లీ చిన్న నురగ బుడగ పుట్టింది, పగిలింది, ఇంకొకటి పుట్టింది. "ఇంకా పని చేస్తోంది, రేపటిదాకా దీన్ని ముట్టుకోను" అన్నారు. లోపలి మడ్డి కిందికి దిగి ఏల్ తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తేరుకోవడం కోసం చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ కలుపుతాయి, అది చేప తిత్తి నుంచి తీసేది. శాకాహారులైన మన స్నేహితులు ఎవరైనా తాగుతుంటే ఇది అడిగి తెలుసుకోవాలి. అది కలపని ఏల్ రకాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి, కాస్త మబ్బుగా ఉంటాయి.

అక్కడ నిలబడి నాకు గుర్తొచ్చింది మా మేనమామ ఊళ్లో తాటితోపు. తెల్లవారి దింపిన కల్లు తియ్యన, పొద్దెక్కేకొద్దీ పులుపు, సాయంత్రానికి నోట పెట్టలేం. చెట్టు దగ్గరికి మనిషి వెళ్లాలి తప్ప చెట్టు కల్లు సంతకి రాదు అనేవాడు మా మామ. పీపా ఏల్‌ది కూడా అదే బతుకు. ఒకసారి కుళాయి బిగించి గాలి తగిలాక మంచి రుచి మూడు రోజులే ఉంటుంది. తర్వాత చప్పబడి, పులిసి, చివరికి వెనిగర్ అవుతుంది.

నా వాదనకి అసలు ఆధారం ఈ నేలమాళిగలోనే దొరికింది. 72 పైంట్లు, మూడు రోజులు. అంటే రోజుకి 24 పైంట్లు అమ్ముడుపోవాలి, అదీ ఒక్క రకానికి. భోజనానికి కార్లో వచ్చినవాళ్లు ఒక అర పైంటు తాగుతారేమో, చాలామంది అదీ తాగరు, తాగకూడదు కూడా. సోమవారం, మంగళవారం ఆ 24 పైంట్లు ఖర్చయ్యేది నడిచి వచ్చే మనుషుల వల్లే. ట్యాప్ రూమ్‌ని భోజనం బల్లలతో నింపితే ఆ మనుషులు పోతారు. వాళ్లు పోతే పీపా పులుస్తుంది. రెండుసార్లు పీపాలు పారబోశాక ఎవరైనా ఏం చేస్తారు? వారాల తరబడి నిలవుండే కెగ్ బీరు తెప్పించుకుంటారు. 1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన కామ్రా అనే ఏల్ ప్రియుల సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది సరిగ్గా ఆ కెగ్ బీరు మీదే. కానీ ఏల్‌ని కాపాడటం అంటే దాన్ని రోజూ తాగే మనుషులకి కూర్చునే చోటు కాపాడటం కూడా.

భోజనం మీద నాకు పగ లేదు

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. భోజనం లేకపోతే నేనూ ఆ పబ్బులో అడుగు పెట్టేదాన్ని కాదు. మొదటిసారి వెళ్లింది ఆకలేసే. మా ఆయనకి అక్కడి స్టేక్ అండ్ ఏల్ పై అంటే ప్రాణం. పై పొర పెళుసుగా, లోపల పులుసు చిక్కగా, అదే బిట్టర్ పోసి ఉడికించిన మాంసం. ఆదివారం రోస్ట్ రోజున వంటింటి తలుపు తెరుచుకున్న ప్రతిసారీ యార్క్‌షైర్ పుడ్డింగ్ వాసన గది నిండా వస్తుంది. ఆ పుడ్డింగ్ గుంటలో గ్రేవీ పోసుకుని తినడం మా పిల్లలకి పండగ.

పాత కాలం నాటిది కాబట్టి ట్యాప్ రూమ్ గొప్పదని కూడా నేను అనను. పల్లెటూరి పబ్బు భోజనానికి గుర్తుగా అందరూ చెప్పే ప్లౌమన్స్ లంచ్ సంగతి చూడండి. రొట్టె, చీజ్, ఊరగాయ కలిపి తినడం పాతదే. ఆ పేరుతో పబ్బు మెనూల్లోకి ఎక్కించింది మాత్రం 1950ల్లో, 60ల్లో చీజ్ అమ్మకాలు పెంచాలనుకున్న సంస్థలు. అయినా నాకది ఇష్టమే. లండన్‌లో ఈగిల్ అనే పబ్బు 1991లో మంచి వంటతో మొదలుపెట్టిన ఒరవడిని గ్యాస్ట్రోపబ్ అన్నారు. ఆ గాలి పల్లెలదాకా రాకపోయి ఉంటే ఇప్పుడున్న పబ్బుల్లో ఎన్నో మూతపడేవి.

నన్ను భయపెట్టేది భోజనమే పబ్బుకి అర్హత అనే ఆలోచన. 2020 డిసెంబర్‌లో దాన్ని చట్టంలోనే చూశాం. కోవిడ్ ఆంక్షల అంచెల్లో మా జిల్లా ఉన్న రెండో టైర్‌లో, భోజనం చేసేవాళ్లకే మద్యం ఇవ్వాలి అన్నారు. స్కాచ్ ఎగ్ (మాంసం పొర చుట్టి వేయించిన గుడ్డు) ఒకటి తింటే అది భోజనం కిందికి వస్తుందా అని మంత్రులని అడిగితే, వస్తుందనే అన్నారొక మంత్రి. వంటిల్లు లేని పబ్బులు తలుపులు మూసుకున్నాయి. మా పెద్దాయన ఆ డిసెంబర్‌లో రోజూ సాయంత్రం ఇంట్లో ఒక్కరే కూర్చున్నారు. భోజనం ఇంట్లో తినేసి వచ్చే మనిషి, తినడానికి రావాలంటే రాలేకపోయారు. మహమ్మారి కాలం, ప్రాణాలు ముఖ్యం, ఆ నిబంధన పెట్టినవాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. కానీ తిననివాడికి అక్కడేం పని అనే ప్రశ్న ఆ రోజు నుంచి మనుషుల మనసుల్లో ఉండిపోయిందనిపిస్తుంది.

కార్డు చూసిన రెండు వారాలకి నేను పబ్బు నడిపే ఆయనతో ఈ మాట ఎత్తాను. ఆయన కోపగించుకోలేదు. "మీరు నెలకి మూడుసార్లు వచ్చి అర పైంటు తాగుతారు. నిజానికి నన్ను నిలబెట్టేది మీ ఆయన తినే పై" అన్నారు. ఆయనది కౌలు బతుకు. కట్టడం ఒక కంపెనీది, అద్దె కట్టాలి, బీరు వాళ్ల దగ్గరే వాళ్లు చెప్పిన ధరకి కొనాలి. వేలకొద్దీ పబ్బులని చేతిలో పెట్టుకున్న బ్రూవరీలకి 1989లో ప్రభుత్వం కళ్లెం వేసింది. అవి వదిలించుకున్న పబ్బులు చాలావరకు ఇలాంటి కంపెనీల పాలయ్యాయి. కౌలు రైతు బిడ్డని, ఆయన లెక్క నాకు కొత్తగా అనిపించలేదు. పంట ఎవరిది, భూమి ఎవరిది అన్నదే అక్కడా ప్రశ్న. ఒక పైంటు మీద ఆయనకి మిగిలేది చిల్లర. నలుగురి భోజనం మీద మిగిలేది కరెంటు బిల్లుకి సాయపడుతుంది. ఆ సాయంత్రం ఆయనకి నా దగ్గర జవాబు లేదు.

ఎవరి గది?

ఇంకో సందేహం కూడా ఉంది, ఇది మరీ బరువైనది. ట్యాప్ రూమ్ అందరిదీ అంటున్నాను. ఎప్పుడూ అలా ఉందా? 1960ల్లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో మన పంజాబీ కార్మికులని కొన్ని పబ్బుల్లో కౌంటర్ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. అక్కడి భారతీయ కార్మిక సంఘం వాళ్ల పిలుపు మీద 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ వచ్చి ఆ వివక్షని కళ్లారా చూశారు. పబ్బుల్లో జాతి వివక్ష నేరం కాకపోయినా చట్టవిరుద్ధం అయింది ఆ ఏడాది వచ్చిన చట్టంతోనే. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్‌లో ఒక వైన్ బార్ ఆడవాళ్లకి కౌంటర్ దగ్గర పొయ్యనంటే, అది తప్పని కోర్టు చెప్పేసరికి 1982 వచ్చింది. చీర కట్టుకున్న అమ్మతో నేను ఆ గదిలో మంట పక్కన కూర్చోగలిగానంటే అది ఎవరో పోట్లాడి తెచ్చింది. గది దానంతటది తెరుచుకోలేదు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో నేను తలుపు తియ్యగానే మాటలు ఆగిపోతాయి. అలాంటి చోట అర పైంటు చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

ఈ సందేహానికి జవాబు కూడా ఆ చుట్టుపక్కలే దొరికింది. స్మెథిక్‌లో, వెస్ట్ బ్రామ్‌విచ్‌లో ఇప్పుడు దేశీ పబ్బులు ఉన్నాయి. మన పంజాబీలు నడిపేవి. ఇనప పెనం మీద చుర్రుమంటూ వచ్చే మిక్స్‌డ్ గ్రిల్ కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా స్నేహితుల కుటుంబంతో ఒకదానికి వెళ్లాను. వెనక హాల్లో భోజనాలు, ముందు గదిలో కౌంటర్ దగ్గర తెల్లవాళ్లూ, సర్దార్జీలూ నిలబడి ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటున్నారు. వాళ్లలో తినేవాడు ఒక్కడూ లేడు. తందూరీ సంపాదించిన డబ్బు ఆ ముందు గదిని పోషిస్తోంది. భోజనం గదిని మింగకుండా గదిని బతికించగలదని నాకు కళ్లెదుట కనిపించింది అక్కడే.

పల్లెల్లో ఇంకో దారి చూపించినవాళ్లూ ఉన్నారు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊళ్లో ఓల్డ్ క్రౌన్ పబ్బుని 2003లో ఊరివాళ్లే సహకార సంఘంగా కొనుక్కున్నారు. మాకు దగ్గర్లో హడ్స్‌వెల్ అనే ఊళ్లో జార్జ్ అండ్ డ్రాగన్ 2008లో మూతపడితే, ఊరంతా వాటాలు వేసుకుని 2010లో తెరిచారు. లోపల చిన్న గ్రంథాలయం, కొట్టు పెట్టారు. 2016లో కామ్రా దాన్ని దేశంలోకెల్లా మంచి పబ్బుగా ఎంపిక చేసింది. అలాగని ప్రతి ఊరూ చెయ్యగలదని నేను అనను. వాటా డబ్బు కావాలి, మీటింగులకి ఓపిక కావాలి, సంతకాలు పెట్టే నలుగురు మొండి మనుషులు కావాలి. మేం వెళ్లే పబ్బు కంపెనీది. వాళ్లు అమ్మకానికి పెడితేనే ఆ ఆలోచన. ఆ రోజు వస్తే మొదటి వాటా డబ్బు మాది అని మా ఆయనకి ఇప్పుడే చెప్పి పెట్టాను.

నిన్న గురువారం సాయంత్రం నేనొక్కదాన్నే బస్సులో వెళ్లాను. వారం మధ్యలో వెళ్లడం ఇదే మొదలు, ఇకనుంచి అలవాటు చేసుకుంటాను. తిని వెళ్లాను. ట్యాప్ రూమ్‌లో పబ్బు నడిపే ఆయన టేపుతో కొలతలు తీస్తున్నారు. రెండో చివర పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. మధ్యలో ఉన్న చిన్న బల్లలు తీసేసి నలుగురు పట్టే బల్లలు రెండు వెయ్యాలట, ఈస్టర్ లోపల. చలిమంట పక్కన గోడకి బిగించిన పొడుగాటి బల్ల దగ్గరికి వచ్చేసరికి టేపు ఆగింది. అది ఉండగా రెండో బల్ల పట్టదు. దాన్ని తియ్యాలంటే గోడ పగలగొట్టాలి, గోడ కంపెనీది.

"అయితే దాన్ని అలాగే ఉంచండి. దాని మీద కార్డు పెట్టకండి" అన్నాను.

ఆయన కాసేపు ఆ బల్ల వైపు చూసి టేపు చుట్టేశారు. "వారం మధ్యలో పెట్టను. శనివారం మాట ఇవ్వలేను" అన్నారు. ఐదున్నరకి తలుపు తెరుచుకుంది. ముందు కుక్క వచ్చింది.